తెగుడు లెక్క

నెల్లిమర్ల జూట్ మిల్లులో ఇరవై ఆరేళ్ళు
నా పని తెంపడం.
గోనె కుట్టే పురి నూలు తెచ్చి
కొక్కేనికి కట్టి, చక్రం తిప్పి
ముల్లు ఎక్కడ ఆగితే అక్కడి అంకె
రిజిస్టర్లో ఎక్కించడం.
తెగిన ముక్క బుట్టలోకి.
తెగిన ముక్కతో ఎవరూ గోనె కుట్టరు.

అందుకే విజయనగరంలో, ఫ్యాను కిర్రుమనే ఆ గదిలో
డాక్టరమ్మ శర్వాణి పదహారు పేజీలు చదివి వినిపిస్తుంటే
నాకు తొందరగానే అర్థమైంది.
"ఇది మీకు నయం చేస్తుందని చెప్పలేను నాయుడుగారూ.
మనిషి ఒళ్ళు ఎంతవరకు ఓర్చుకుంటుందో
ముందు అది తేలాలి."
చెప్పేటప్పుడు కళ్ళు దించుకోలేదు. అది నచ్చింది.
"అంటే పురి నూలు పరీక్ష" అన్నాను.
ఆవిడకి అంతుబట్టలేదు. అయినా నవ్వింది పాపం.

కాలేయంలో మూడు గడ్డలు,
ఊపిరితిత్తుల్లో లెక్క మానేశారు.
ఉన్న మందులన్నీ అయిపోయాక మిగిలింది
ఇంకా పేరు పెట్టని మందు, ఉత్త నెంబరు.
మొదటి ముగ్గురికి చిటికెడు.
వాళ్ళు నిలబడ్డాక ఇంకో ముగ్గురికి రెండింతలు.
మూడో ముగ్గురిలో ముందువాణ్ణి నేను.
వారం నేను నిలబడితేనే
పక్కవాడికి డబ్బా మూత తీస్తారు.
ఆ పక్కవాడు చీపురుపల్లి మనిషి,
ఎండాకాలంలో కూడా మఫ్లరు చుట్టుకుని
బల్ల చివర కూర్చునేవాడు.
ఎవరూ చెప్పలేదు, చూపుని బట్టి తెలిసింది:
చంపావతి పొంగినప్పుడు
ముందు దిగినవాడికి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో
ఒడ్డునుంచి చూసే చూపు.

ఇంటికి ఓ డైరీ ఇచ్చారు.
మాత్ర ఎన్నింటికి, జ్వరం ఎంత, వాంతులు ఎన్ని.
నర్సు హేమసుందరి గళ్ళు చూపించి
"చిన్నదైనా రాసేయండి" అంది.

అయిదో రోజు వేళ్ళు మొద్దుబారాయి.
చొక్కా గుండీలు దాలమ్మ పెట్టింది.
ఆరో రోజు గంజి కూడా గొంతు దిగలేదు.
రాత్రి మూడింటికి గోడ పట్టుకుని పెరట్లోకి,
మళ్ళీ, మళ్ళీ.

"రాయకు" అంది దాలమ్మ, లాంతరు కాదు, సెల్లు లైటు పట్టుకుని.
"రాస్తే మందు ఆపీస్తారు. ఆపీస్తే మనకింకేటుంది?
ఆళ్ళకి కావాల్సింది నీ లెక్క గానీ నువ్వు గాదు.
ఒక్క సున్నా ఎట్టీ. నీ సొమ్మేటి పోద్ది?"

పెన్ను పట్టుకున్నాను.
సున్నా చుట్టడానికి సరిపడా వేళ్ళు పనిచేస్తున్నాయి.

ఒకసారి, లోడు వెళ్ళాలని
సూపర్‌వైజరు తలుపు దగ్గర నిలబడి గడియారం చూస్తున్నాడు.
ముల్లు డెబ్భై దగ్గర ఆగింది.
తొంభై అని రాశాను.
ఇరవయ్యే కదా.
నెల తిరక్కుండా గూడ్స్ షెడ్డులో కుట్లు విచ్చి
బస్తాల వరసంతా కూలింది.
కలాసీ గురువులు కుడిచెయ్యి
ఆ తరవాత అన్నం కలపలేదు.
నా రిజిస్టరు ఎవరూ అడగలేదు.
మిల్లు మూసినప్పుడు చెదలు తిన్నదట.
డెబ్భై మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

రేపు ఏడో రోజు.
మఫ్లరు మనిషి బస్సుకి చిల్లర తీసి పెట్టుకుని ఉంటాడు.

రాశాను.
వాంతులు నాలుగు.
వేళ్ళకి స్పర్శ లేదు, రెండు చేతులూ.
అక్షరాలు వంకరపోయినందుకు కారణం అదేనని
పక్కన చిన్నగా.

దాలమ్మ అటు తిరిగి పడుకుంది. నిద్రపోలేదు.
పొద్దున్నే హేమసుందరి ఫోను చేస్తుంది.
డబ్బాలో ఇంకా పదిహేను మాత్రలు.
తీసి చెవి దగ్గర పెట్టుకుని
ఒకసారి ఆడించాను.